కొత్త స్టీరియోకి తొలి పాట ఏది?

ప్రశ్న: నమస్కారం సార్. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి కొంత తీసి స్టీరియో యాంప్లిఫైయర్, ఆరున్నర అంగుళాల వూఫర్ (బాస్ పలికించే పెద్ద స్పీకర్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నాను. షాపులో వేసిన డెమో పాటకి గుండె అదిరింది. ఇంటికి తెచ్చాక ఒక పాట బ్రహ్మాండంగా ఉంటే ఇంకోటి పేలవంగా ఉంది. సిస్టం మంచిదో కాదో తేల్చుకోవాలంటే ఏ ఆల్బమ్‌లు వినాలి? మా హాలు 12 బై 14 అడుగులు. స్పీకర్లు టీవీ షోకేసులో పెట్టాం.
– ఒక రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: మాస్టారూ, షాపువాళ్ల డెమో పాట సరుకు అమ్మడానికి వేసేది. అందులో దడదడలాడే బాస్, అటూ ఇటూ దూసుకుపోయే చప్పుళ్లు ఉంటాయి. అవి కంప్యూటర్లో పుట్టినవి. అసలు ఎలా మోగాలో ఎవరికీ తెలియదు కాబట్టి తప్పు పట్టడానికీ వీలుండదు. వీణ అలా కాదు. జీవితంలో ఒక్కసారి దగ్గర కూర్చుని విన్నవారికైనా స్పీకర్లోంచి వచ్చేది వీణా, తీగ బిగించిన డబ్బానా అన్నది ఇట్టే తెలిసిపోతుంది.

నేను కోఠిలో యాంప్లిఫైయర్లు బాగుచేస్తాను. రిపేరు పూర్తయ్యాక ఏ సెట్టు మీదైనా మొదట వేసేది చిట్టిబాబు గారి వీణే. ఆయన ‘కొమ్మలో కోయిల’ వినండి. మీటు పడగానే వేలు తీగను వదిలిన చిన్న టక్కు వినపడుతుంది. ఆ వెంటనే కుండలోంచి నిండుగా నాదం లేస్తుంది. ఆపైన, కొత్తగా మీటకుండా ఆ ఒక్క మీటు మీదే తీగను లాగుతూ ఆయన కోయిలను కూయిస్తారు. ఈ మూడూ దేనికది వినపడాలి. టక్కు చెవిలో గుచ్చుకుని నాదం పలచబడితే ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకర్) జోరు ఎక్కువైనట్టు. నాదం ఉండి టక్కు మొద్దుబారితే ట్రెబుల్, అంటే ఆ సన్నటి శబ్దాలు, చాలడం లేదు. కోయిల కూత చివరిదాకా సాగకుండా మధ్యలో మాయమవుతోందంటే ఆ సెట్టు నేను తిరిగి విప్పుతాను.

ఆ తర్వాత, నేను ప్రాణంగా చూసుకునే రికార్డు ‘ఎ మీటింగ్ బై ద రివర్’. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్ మోహనవీణ (గిటార్‌ని మార్చి ఆయన తయారు చేసుకున్న వాద్యం), అమెరికన్ రై కూడర్ స్లయిడ్ గిటార్. ఇద్దరూ అంతకు ముందెప్పుడూ కలిసి వాయించలేదు. 1992 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో, ఒక చర్చి ప్రార్థనా మందిరంలో కూర్చుని అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించారు. తబలా సుఖ్వీందర్ సింగ్ నామ్‌ధారీ. దుంబెక్ అనే అరబ్బు డోలు కూడర్ కొడుకు జోకిమ్ వాయించాడు. అప్పటికి వాడికి 14 ఏళ్లు. 1994లో దీనికి గ్రామీ వచ్చింది.

మనకి కావలసింది దాన్ని రికార్డు చేసిన తీరు. ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి, తర్వాత మిక్సింగ్‌లో కలపడం మామూలు పద్ధతి. ఈ రికార్డు తెచ్చిన వాటర్ లిల్లీ అకౌస్టిక్స్ కంపెనీ అధిపతి కవిచంద్రన్ అలెగ్జాండర్ అలా చేయలేదు. రెండు మైకులను ఒకేచోట, ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ తిప్పి పెట్టి, మందిరంలో మోగిందంతా ఉన్నదున్నట్టు వాల్వులతో నడిచే టేపు యంత్రం మీదికి ఎక్కించారు. 1931లో అలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటుకు పెట్టిన ఆలోచన అది. ఈ రోజుకీ దాన్ని మించిన పద్ధతి లేదని నా గట్టి అభిప్రాయం.

వినేటప్పుడు రెండు స్పీకర్లకూ సమానదూరంలో కూర్చుని కళ్లు మూసుకోండి. ఎవరు ఎటు కూర్చున్నారో వేలు పెట్టి చూపించగలగాలి. తబలా వాళ్లిద్దరి వరసలో కాకుండా దాని చోట అది ఉండాలి. తీగ మోగి ఆగిన ప్రతిసారీ ఆ ఖాళీని వినండి. మందిరం గోడలు ఆ నాదాన్ని కాసేపు పట్టుకుని మెల్లగా వదులుతాయి. అది వినపడిందంటే మీ సిస్టం మంచిదే, నిశ్చింతగా ఉండండి.

అయితే మాస్టారూ, స్పీకర్లు షోకేసులో ఉన్నంతకాలం ఆ మందిరం మీ హాల్లోకి రాదు. చెక్క అర తనూ మోగుతుంది, పక్క చెక్కలు శబ్దాన్ని తిప్పికొడతాయి. మీకు పాట పాటకీ తేడా రావడానికి ముఖ్య కారణం ఇదే అయి ఉంటుంది. స్పీకర్లను బయటికి తీసి స్టూళ్ల మీద పెట్టండి. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. వెనక గోడకి కనీసం అడుగున్నర, స్పీకర్ల మధ్య ఆరడుగులు, మీ కుర్చీకి కూడా సుమారు అంతే దూరం. అమ్మగారు హాలు పాడవుతుందంటే, వినే గంట సేపు బయటికి లాగి తర్వాత వెనక్కి జరపండి. చాలా ఇళ్లలో అలాగే సర్దుకుంటున్నారు.

బాస్ చూడటానికి అమెరికన్ జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చాలు. 1959లో న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పటి చర్చినే స్టూడియోగా మార్చిన చోట రికార్డయింది. మొదటి పాట ‘సో వాట్’లో పాల్ చాంబర్స్ డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం మీద ఎత్తుకునే వరసని మీరు నోటితో పాడగలిగితే బాస్ బాగున్నట్టు. స్వరాలన్నీ కలిసిపోయి ఒకటే బుం బుం అయితే మోగుతున్నది వాద్యం కాదు, మీ గది మూల. ఆ వాద్యంలో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. ఆరున్నర అంగుళాల వూఫర్ అక్కడికొచ్చేసరికి కొంత తగ్గుతుంది. దానికి టెన్షన్ పడకండి. ఇంకో పని కూడా అయిపోతుంది: ఈ రికార్డులో కోల్ట్రేన్ శాక్సఫోన్ ఎడమ పక్క, కానన్‌బాల్ ఆడర్లీది కుడి పక్క ఉంటాయి. తారుమారైతే వైర్లు అటువి ఇటు తగిలించారన్నమాట.

ఇవన్నీ అయ్యాక ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ (1986) పెట్టుకోండి. త్యాగరాజస్వామికీ, బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ వెనక ఎన్ని తీగల వరసలు నడుస్తున్నాయో మంచి స్పీకర్ల మీదే తెలుస్తుంది. నేనైతే దాన్ని పరీక్షకని మొదలుపెట్టి, పరీక్ష సంగతి మరిచిపోయి చివరిదాకా వింటాను.

ప్రశ్న: కొత్తింట్లోకి మారాం. సిస్టం మళ్లీ బిగించిన దగ్గర్నుంచి ఘంటసాల గారి గొంతు ఎక్కణ్ణించి వస్తోందో తెలియడం లేదు. బాస్ కూడా తగ్గిపోయింది. స్పీకర్లు పోయాయా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: పోలేదమ్మా, ఖర్చు లేకుండా సరిపోతుంది. ఒక స్పీకర్‌కి ఎర్ర వైరు, నల్ల వైరు తిరగబడ్డాయి. ఒక వూఫర్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. దాంతో ఒకదాని బాస్‌ని ఇంకోటి మింగేస్తుంది. సెట్టు ఆఫ్ చేసి, యాంప్లిఫైయర్ వెనకా స్పీకర్ల వెనకా ఎరుపు ఎరుపులోకి, నలుపు నలుపులోకి వెళ్లాయో లేదో చూడండి. తర్వాత ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పెట్టండి. 1957 నాటి మోనో రికార్డింగ్ అది, రెండు స్పీకర్లలోకీ వెళ్లేది ఒకటే. కాబట్టి ఘంటసాల, పి. లీల ఇద్దరూ సరిగ్గా మధ్యలో, స్పీకరే లేని చోట నిలబడి పాడినట్టుండాలి. గొంతు ఒక పక్కకి ఒరిగితే బాలెన్స్ నాబ్ చూడండి. పాత రికార్డు నుంచి తీసుకున్న పాటే వాడండి. 2010లో విడుదలైన రంగుల ప్రింటుకి శబ్దాన్ని మళ్లీ కొత్తగా విడదీశారు, ఈ పరీక్షకి అది పనికిరాదు.

ప్రశ్న: మంచి సౌండ్ కావాలంటే ఎల్పీలే కొనాలా? ఫోన్లో విన్నది లెక్కలోకి రాదని మా ఫ్రెండ్ అంటున్నాడు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఎల్పీ మీద ప్రేమ ఉంటే కొనుక్కో బాబూ, నాకూ ఇష్టమే. కానీ ఎల్పీ అంటేనే అసలు సిసలని అనుకోవద్దు. పైన చెప్పిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు చేసేటప్పుడు ఒక టేపు యంత్రం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని మామూలు వేగంతో నడిపించేసరికి మొదటి వైపు పాటలు దశాబ్దాల పాటు కాస్త హెచ్చు శ్రుతిలో వినిపించాయి. 1992లో వేరే యంత్రం మీది టేపు నుంచి సీడీకి ఎక్కించినప్పుడే సరైన శ్రుతి దక్కింది. సెకనుకు 44,100 శాంపిళ్లు, 16 బిట్లు ఉండే సీడీ మన చెవికి సరిపోతుంది. అసలు తేడా మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే పనిలో వస్తుంది. 1990ల నుంచి చాలా పాత ఆల్బమ్‌లను రీమాస్టర్ పేరుతో హోరు పెంచి విడుదల చేశారు. చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా చెరిపేశాక వాటితో ఏ సిస్టంనీ అంచనా వేయలేం. ఒకే ఆల్బమ్ రెండు రకాలు దొరికితే, రెండిటి వాల్యూమ్ చెవికి సమానంగా సరిచేసుకుని పోల్చు. బ్లూటూత్ మాత్రం పక్కన పెట్టి ఫోన్‌ని వైరుతో కలుపు. యాప్‌లో ఈక్వలైజర్ ఆన్‌లో ఉందేమో ముందే చూసుకో. నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల ఫిర్యాదుల్లో చాలావరకు అక్కడే తేలిపోతాయి.