మూత వేస్తే నీలి తెర

ప్రశ్న: మాది గాజువాక. రాత్రి మూత వేసిన ల్యాప్‌టాప్ పొద్దున తెరిస్తే నీలి తెరపై 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్' అని చూపి మళ్లీ మొదలవుతోంది. మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు రెండుసార్లు పోయింది. కొత్తది కొనాలా?

జవాబు: దయచేసి అప్పుడే కొనకండి. ఆ మాటల్లోనే జబ్బు పేరుంది. నిద్రలోకి వెళ్లమని విండోస్ చెప్పినప్పుడు ఏదో ఒక పరికరం డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) గడువులోగా బదులివ్వలేదు. ఎంవీపీ కాలనీలో నా బల్ల మీదికి ఇలా వచ్చినవాటిలో ఎక్కువసార్లు దొరికింది వైఫై డ్రైవరే. ముందు యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసి, ఒక రాత్రి చూడండి. తగ్గకపోతే తయారీ కంపెనీ వెబ్‌సైటు నుంచి మీ మోడల్‌కు తగిన వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు వేయండి. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌కు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కనిపిస్తే, విద్యుత్ ఆదా కోసం దాన్ని ఆపేందుకు ఇచ్చిన అనుమతి దగ్గర టిక్కు తీసేయండి. అప్పటిదాకా రాత్రి షట్‌డౌన్ చేయండి. అమ్మాయి రిపోర్టును మాత్రం ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.