అధికారి కథ చదివి, నేనూ అదే చేస్తానంటోంది

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. ఇరాక్‌లో సైనికులకు మానసిక వైద్యం అందిస్తూ చనిపోయిన అమెరికా నేవీ అధికారి గురించి చదివి, తనూ అదే ఉద్యోగం చేస్తానంటోంది. మా ఆయన ఆర్మీలో చేసి వచ్చారు. ఇప్పటికీ దీపావళి రాత్రి తలుపులన్నీ వేసుకుని లోపలి గదిలో కూర్చుంటారు. ఒక్కతే కూతురు, నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, సోంపేట

జవాబు: అమ్మా, పాప చదివింది కమాండర్ చార్లెస్ కీత్ స్ప్రింగిల్ గురించి అయ్యుంటుంది. 2009 మే 11న బాగ్దాద్‌లోని క్యాంప్ లిబర్టీలో, యుద్ధ ఒత్తిడితో నలిగిపోయిన సైనికుల కోసం నడిపే క్లినిక్‌లో ఐదుగురిని కాల్చి చంపారు. 52 ఏళ్ల స్ప్రింగిల్ వారిలో ఒకరు. కాల్చింది శత్రువు కాదు, అదే క్లినిక్‌కి వైద్యానికి వచ్చిన సొంత సైన్యపు సార్జెంట్. అతని తుపాకీ ముందే తీసేసుకున్నారు. తోడుగా వచ్చిన సైనికుడి తుపాకీ లాక్కుని వెనక్కి వచ్చాడు. మన ఆర్మీ డాక్టర్ మేజర్ లైష్రామ్ జ్యోతిన్ సింగ్ కూడా 2010లో కాబూల్‌లో ఉగ్రవాదిని ఒట్టి చేతులతో అడ్డుకుని ప్రాణాలిచ్చారు. అశోక చక్ర ఇచ్చారు. ప్రమాదం లేదని మీకు అబద్ధం చెప్పలేను.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ లోపలి గది. మన జిల్లాలో ఊరూరా ఆర్మీకి వెళ్లినవాళ్లున్నారు. సెలవుకి వస్తే ఎన్నాళ్లుంటావు, మళ్లీ పోస్టింగ్ ఎక్కడ అని అడుగుతాం. నిద్ర పడుతోందా అని అడగం. టపాకాయల మోతకి తలుపులేసుకునే నాన్నను చూస్తూ పెరిగింది మీ పాప. ఈ కోరిక బాగ్దాద్ నుంచి కాదు, మీ ఇంట్లోంచే వచ్చిందేమో. ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

ఇక చదువు సంగతి. స్ప్రింగిల్ డాక్టర్ కాదు, క్లినికల్ సోషల్ వర్కర్, అంటే మానసిక సమస్యలకు కౌన్సెలింగ్ ఇచ్చే నిపుణుడు. వాళ్ల నేవీలో అలాంటివారికీ అధికారి హోదా ఉంటుంది. మన దగ్గర యూనిఫాంలో ఉండి ఈ వైద్యం చేయాలంటే అసలు దారి ఎంబీబీఎస్, ఆపై సైకియాట్రీలో ఎండీ, ఆర్మీ మెడికల్ కోర్ (సైన్యపు వైద్య విభాగం). సైకాలజీ చదివితే చాలనుకుని పిల్లలు చాలామంది ఇక్కడే పొరబడతారు. నీట్‌లో మంచి స్కోరు వస్తే పుణెలోని ఏఎఫ్‌ఎంసీకి (సైన్యపు వైద్య కళాశాల) ప్రయత్నించవచ్చు. అక్కడ విడిగా మరో పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. చదువయ్యాక సైన్యంలో పనిచేయాలి. బయట ఎంబీబీఎస్ చేసినా, కొన్నేళ్లపాటు సైన్యంలో డాక్టరుగా పనిచేసే షార్ట్ సర్వీస్ కమిషన్ ఉంది. సీటు రాకపోతే డిగ్రీలో సైకాలజీ, ఆపైన క్లినికల్ సైకాలజీ, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్. యూనిఫాం రాకపోవచ్చు, మాజీ సైనికులకు సాయపడే పని మాత్రం ఉంటుంది.

ఈలోగా మీవారిని 14416కి ఫోన్ చేయమనండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆ సమయంలో పాప పక్కన ఉండవచ్చా లేదా అన్నది ఆయన్నే అడగండి.