చంటిబిడ్డ సంరక్షణ: మార్కులు దేనికి వెయ్యాలి?

టీచర్ గారూ, ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, అంటే ఆరోగ్య కార్యకర్త) కోర్సు విద్యార్థులకు చంటిబిడ్డల సంరక్షణ చెబుతున్నానని, రాతపరీక్షలో అందరికీ 50కి 40 పైనే వస్తున్నాయని, పని నిజంగా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలని అడిగారు. నేనూ చాలా ఏళ్లుగా అదే కోర్సు చెబుతున్నాను. మొదట్లో రికార్డు, వైవా, బొమ్మ మీద చేసే ప్రాక్టికల్, ఈ మూడూ చూసే మార్కులు వేసేదాన్ని.

ఒక చలికాలం పోస్టింగులో ఒకమ్మాయి బిడ్డను ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. బాలింతను "టిఫిన్ తిన్నావా అక్కా" అని అడిగింది. నా చెక్‌లిస్టులో ఆ రెండింటికీ గడి లేదు. వరస తప్పిందని రెండు మార్కులు కోసేశాను. అన్నీ గడగడా అప్పజెప్పిన ఇంకో అమ్మాయికి పూర్తి మార్కులు వేశాను. ఆమె బిడ్డ బట్టలు విప్పి, అలాగే ఉంచి రికార్డు రాసుకుంటూ కూర్చుంది. తప్పు నాదే. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పటినుంచి ముందు తల్లినే అడుగుతున్నాను. విద్యార్థి ఓఆర్‌ఎస్ గురించి చెప్పి బయటికి వెళ్లాక, "ఆ అమ్మాయి చెప్పినట్టు ఒకసారి కలిపి చూపించమ్మా" అంటాను. ఒకింట్లో తల్లి సగం ప్యాకెట్ గ్లాసులో వేసి, మిగతాది మడిచి దాచింది. మొత్తం ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలని, 24 గంటల తర్వాత మిగిలింది పారబొయ్యాలని విద్యార్థి చెప్పింది. కానీ ఆ ఇంట్లో లీటరంటే ఏ గిన్నెకు ఎంతవరకో చూపించలేదు. లీటరు సీసా వెతికి, దాంతో కొలిచి చూపించిన అమ్మాయికే నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఊపిరి లెక్కించడం బొమ్మ మీద తేలదు. విద్యార్థి పక్కనే నిలబడి మీరు కూడా మనసులో పూర్తి నిమిషం లెక్కపెట్టండి, తర్వాత ఇద్దరి అంకెలూ పోల్చండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేవాళ్లు అక్కడే దొరికిపోతారు. రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా ఆపైన వస్తే అది వేగంగా ఊపిరి తీసుకోవడమే కాబట్టి, విద్యార్థి తనంతట తాను మళ్లీ లెక్కపెట్టిందా అన్నదే నాకు ముఖ్యం.

కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి గుండెకు ఆనించి కట్టడం చాలామంది నేర్చుకుంటారు. టోపీ, మేజోళ్లు, మెడ వంచకుండా ఉంచడం, అన్నీ సరిగ్గానే చేస్తారు. గంటలకొద్దీ అలా ఉండాల్సిన తల్లికి వీపు వెనక దిండు ఉందా, దాహమేస్తే నీళ్లు అందుతాయా అని చూసేవాళ్లు తక్కువ. వాటికి గడులు పెట్టండి.

ప్రేమకు మాత్రం మార్కులు వెయ్యొద్దు. బిడ్డను ముద్దు చేసే పిల్ల కంటే మాట్లాడకుండా చేతులు కడుక్కుని వచ్చే పిల్ల మెరుగ్గా చూసుకోవచ్చు. కంటికి కనిపించే పనికే మార్కు.

ఇంకొకటి, ఒక్కరోజు చూసి తేల్చకండి. ఆసుపత్రిలో కాన్పయిన ఇళ్లకు ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తారు కదా, వీలైతే వాళ్లతో ఒకే ఇంటికి రెండుసార్లు పంపండి. మొదటిసారి తల్లి "రొమ్ము నొప్పిగా ఉంది" అని ఉంటే, రెండోసారి గుమ్మంలో అడుగుపెట్టగానే విద్యార్థి దాని గురించి అడిగిందా? ఇంటర్నల్ 20 మార్కుల్లో 5 నేను దానికే ఉంచుతాను.