వాడిపోయాక కొడితే నాచు మందు పనిచేయదు

అన్నా, ఎర్రనేలలో 40 రోజుల వేరుశనగ వాడిపోయాక క్లోరెల్లా (కంటికి కనిపించనంత చిన్న ఆకుపచ్చ నాచు) ద్రావణం కొట్టారు, తేడా లేదు, పైగా నాజిల్ మూసుకుపోతోంది అన్నారు. మందు నకిలీదని అప్పుడే అనుకోవద్దు. ఆకు ముడుచుకున్నాక పత్రరంధ్రాలు మూసుకుంటాయి, మందు లోపలికి పోయేది తక్కువ. నీళ్లకు బదులుగా ఇది పనికిరాదు. బెట్ట వచ్చేలోపే మొక్కను సిద్ధం చేస్తుంది, అంతే. పూత మొదలయ్యే 25–30 రోజుల వయసులో ఒకసారి, ఊడలు దిగేటప్పుడు ఇంకోసారి, నేలలో పదునుండగా సాయంత్రం పూట కొట్టాలి.

ఇప్పుడైతే స్ప్రింక్లర్‌తో ఒక్క తడి ఇచ్చి, ఆకు తేరుకున్నాకే కొట్టండి. లేబుల్‌పై లీటరుకు 3 మి.లీ. అనుంటే 16 లీటర్ల ట్యాంకుకు 48 మి.లీ. చాలు. షాపువాడు చెప్పాడని రెట్టింపు పోయకండి.

నాజిల్‌కి అడ్డం పడేది సీసా అడుగున పేరుకున్న ఆకుపచ్చ మడ్డి. సీసా బాగా కుదిపి, బకెట్ నీళ్లలో కలిపి, పాత పంచె గుడ్డలో వడపోసి ట్యాంకులో పోయండి. మీది నాచు బతికున్న ద్రావణం (కల్చర్) అయితే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి తెగుళ్ల మందుతో అస్సలు కలపకండి, రాగి నాచును చంపేస్తుంది. కుళ్లు వాసనొస్తే పారబోయడమే.

నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేయండి. కొట్టినవీ, కొట్టనివీ పీకి కాయలు లెక్కపెడితే మందు సంగతి తేలిపోతుంది.