చెవి బాగాలేదని డాక్టరు చదువు వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచి రెండు చెవుల్లోనూ తరచూ చీము కారుతుంది. రెండేళ్లుగా వినికిడి తగ్గింది, మార్కులూ తగ్గాయి. డాక్టరు కావాలని తన కోరిక. ఎవరితోనూ మాట్లాడే పని లేని కంప్యూటర్ ఉద్యోగమే నయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, వినికిడి తగ్గడం, మార్కులు తగ్గడం ఒకేసారి మొదలయ్యాయని మీరే రాశారు. కాబట్టి మార్కులు చూసి అమ్మాయి తెలివిని అంచనా వేయకండి. ఉపాధ్యాయులు బోర్డు వైపు తిరిగి చెప్పిన ప్రతి మాటా ఆమెకు సగమే అందుతుంది. మిగతా సగం ఊహించుకోవాలి. అలా రోజంతా చెవులు రిక్కించి విన్న పిల్ల ఇంటికొచ్చి పుస్తకం పట్టలేకపోతే అది బద్ధకం కాదు, అలసట. చెవి వాసన పక్కవాళ్లకు తెలుస్తుందేమోనని ఈ వయసు పిల్లలు వెనక బెంచీకి వెళ్లిపోతారు. అర్థం కాకపోయినా తల ఊపుతారు. మీ అమ్మాయి ఎక్కడ కూర్చుంటోందో నెమ్మదిగా అడగండి.

కోర్సు సంగతి తేల్చే ముందు చెవి సంగతి తేలాలి. ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో గాలి ద్వారా, ఎముక ద్వారా వినికిడిని విడివిడిగా కొలుస్తారు. ఎముక ద్వారా బాగా వినిపిస్తుంటే లోపలి చెవి బాగున్నట్టే. అడ్డంకి కర్ణభేరికి పడిన రంధ్రంలోనో, దాని వెనక ఉన్న చిన్న ఎముకల్లోనో ఉంటుంది. చాలామందికి శస్త్రచికిత్సతో రంధ్రం మూసుకుంటుంది, వినికిడీ కొంత మెరుగవుతుంది. కొందరిలో మాత్రం కొలెస్టియటోమా అనే పెరుగుదల చెవి ఎముకలను తినేస్తూ ఉంటుంది. అది లేదని నిపుణులతో రూఢి చేసుకోవడంలో ఆలస్యం వద్దు. చికిత్సతో వినికిడి మారవచ్చు కాబట్టి, ఈనాటి వినికిడిని బట్టి 40 ఏళ్ల ఉద్యోగ జీవితాన్ని నిర్ణయించడం నాకు సమ్మతం కాదు.

ఈలోగా తరగతిలో నష్టం ఆపాలి. ముందు వరుసలో, కాస్త బాగా వినిపించే చెవి ఉపాధ్యాయుల వైపు ఉండేలా కూర్చోబెట్టమని అడగండి. చీము కారే రోజుల్లో వినికిడి ఇంకా తగ్గుతుందని, నిన్న విన్నది ఇవాళ వినిపించకపోవచ్చని బడిలో చెప్పండి. చెవిని మూసేసే వినికిడి యంత్రంతో కారడం ఎక్కువ కావచ్చు. చెవి వెనక ఎముక ద్వారా శబ్దాన్ని అందించేవి ఉన్నాయి, డాక్టరును అడగండి. ఉపాధ్యాయులు ధరించే చిన్న మైకు నుంచి మాట నేరుగా యంత్రానికి చేరే ఏర్పాటు కూడా ఉంది.

ఇక డాక్టరు చదువు. శబ్దాన్ని పెంచి వినిపించే స్టెతస్కోపులు ఉన్నాయి. ఆపరేషన్ గదిలో మాస్కుల వల్ల పెదవులు కనపడకపోవడం నిజంగా ఇబ్బందే. కానీ వైద్యంలో రోగనిర్ధారణ ప్రయోగశాల, ఎక్స్‌రే, స్కానింగ్ వంటి విభాగాలూ ఉన్నాయి. ప్రవేశానికి వైద్య అర్హత నియమాలు ఏమిటో ఇప్పుడే చదివి పెట్టుకోండి. కంప్యూటర్ ఉద్యోగంలో మాట్లాడే పని ఉండదన్నది అపోహ. అక్కడా సమావేశాలు తప్పవు. అమ్మాయికి ఇష్టమైతే అదీ మంచి దారే, భయంతో మాత్రం వద్దు.

నేను గట్టిగా వద్దనేవి కొన్నే: కర్ణభేరికి రంధ్రం ఉండగా నీటి అడుగున చేసే పనులు, రోజంతా 85 డెసిబెల్స్ దాటే రొద ఉండే పనులు. విమానం నడపడానికి, సైన్యానికి వినికిడి నిబంధనలు కఠినంగా ఉంటాయి.

మీ ఉత్తరంలో మీ మాట ఉంది, బంధువుల మాట ఉంది. ఆడియోగ్రామ్ వచ్చాక డాక్టరు దగ్గర ఆమెనే ప్రశ్నలు అడగనివ్వండి. తర్వాతి ఉత్తరం కూడా అమ్మాయినే రాయమనండి.