ఒక్కడినే ఇంట్లో దిగులు పాటల ఆల్బమ్ చేస్తున్నాను. వినేవాళ్లకు విసుగు రాకుండా ఏం చేయాలి?

"ఆరు పాటలయ్యాయి, అన్నీ ఒకే పాటలా వినిపిస్తున్నాయి" అని రాశారు కదా, రెండేళ్ల కిందట నాదీ అదే పరిస్థితి. మహబూబ్‌నగర్‌లో స్టేషన్‌కు దగ్గర్లో అద్దె గది, ఒక గిటారు, పాత ల్యాప్‌టాప్. మా నాయిన పుణెలో మేస్త్రీ పనికి పోయిన ఏళ్ల మీద ఏడు పాటలు రాసుకున్నాను. పండక్కి వచ్చిన మనిషి నాలుగో రోజు బ్యాగు సర్దుకుంటుంటే ఇంట్లో ఎవరూ మాట్లాడరు చూడండి, దాదాపు అన్ని పాటల్లోనూ అదే విషయం.

బాధ అనగానే శివరంజని రాగం అందుకున్నాను. టెంపో, అంటే పాట వేగం, నిమిషానికి 60 దరువులకు దించి, గొంతు మీద రివర్బ్ (గది మోతలాంటి ఎఫెక్ట్) కుమ్మరించాను. ఏడింటికీ అదే వైద్యం. ఊరికి పోయినప్పుడు అమ్మకు ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే మూడో పాటకే కునుకు తీసింది. లేచాక, "మంచిగనే ఉన్నయి బిడ్డా, గని అన్నీ ఒక్కతీరుగ మూల్గినట్టున్నయి" అంది.

నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. కానీ ఆమె పాడే బతుకమ్మ పాటల్లో అత్తింట్లో అగచాట్లు పడే ఆడబిడ్డల కథలు ఎన్ని లేవు? కథ ఎంత కన్నీళ్లదైనా చప్పట్లు ఆగవు, అడుగు తడబడదు. ప్రతి పాదం చివరా 'ఉయ్యాలో' వచ్చి పాటను ముందుకు తోస్తుంది. నా పాటల్లో లేనిది ఆ నడకే. ఆ రాత్రి అమ్మతో ఒక పాట పాడించి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని టెంపో కొలిస్తే 96 వచ్చింది. నా మొదటి పాటను 60 నుంచి 92కి పెంచాను. మాట ఒక్కటీ మార్చలేదు. అప్పటిదాకా సాగదీసినట్టున్న పల్లవి అప్పుడు బాణీలా వినిపించింది.

రెండోది రాగం. శివరంజనికీ మోహన రాగానికీ తేడా ఒక్క గాంధారమే, అంటే 'గ' స్వరమే. స, రి, ప, ద రెండింటిలోనూ ఒకటే. శివరంజనిలో కాస్త కిందుండే సాధారణ గాంధారం, మోహనలో అరమెట్టు పైనుండే అంతర గాంధారం. మీరు సి శ్రుతిలో పాడితే ఇ ఫ్లాట్ ఉన్నచోట ఇ వస్తుంది, అంతే. గిటారు మీద సి మైనర్ కాస్తా సి మేజర్ అవుతుంది. పాటంతా శివరంజనిలో నడిపి, నాయిన ఆటో దిగి గేటు తీసే ఒక్క లైన్‌ను మోహనలోకి ఎక్కించాను. తర్వాతి లైన్‌లో గాంధారం మళ్లీ కిందికి దిగుతుంది. సరిగ్గా అక్కడే మా అక్క చేతిలో ఫోన్ పక్కన పెట్టి విన్నది. ఈ కిటుకు పనిచేసింది కదా అని ఏడింటిలోనూ వాడబోయాను, మూడోసారికే వెగటు పుట్టింది. చివరికి రెండింటిలో ఉంచాను. ఒకదాన్ని కీరవాణి రాగంలోకి మార్చాను. అన్నిటికన్నా దిగులైన పాట ఏ రాగమూ కాకుండా మామూలు మేజర్ స్కేల్‌లోనే ఉంది.

కొందరు స్నేహితులు కిన్నెర అనే తీగల వాద్యం పెట్టమన్నారు, "పాలమూరు ఫీల్" వస్తుందట. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. నాకు వాయించడం రాదు. ఎక్కడిదో ముక్క తెచ్చి అతికించడానికి మనసొప్పలేదు.

రికార్డింగ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నాది రేకుల గది, ఎండాకాలం ఫ్యాన్ ఆపి పాడాలి, తెల్లారుజామున మూడింటికి తప్ప కుదిరేది కాదు. మైక్ వెనకా తలుపుకూ గొంగళ్లు వేలాడదీశాను. మన కురుమలు నేసే ఉన్ని గొంగడి గది మోతను బాగా పీల్చుకుంటుంది. గూడ్సు బండి గుడగుడను మాత్రం ఆపలేదు. గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ కన్నా కిందుండే లోతైన శబ్దమంతా కోసేస్తే అదీ చాలావరకు పోయింది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మిక్సింగ్‌కు, అంటే గొంతూ వాద్యాలూ సరిపాళ్లలో కలపడానికి, హైదరాబాద్‌లో ఒకరికి ఎనిమిది వేలిచ్చాను. స్వరాలను సరిచేసే పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ గట్టిగా వేసి, గమకాలన్నీ (స్వరాల ఊపులు, జారుళ్లు) ఇస్త్రీ చేసి పంపారు. పైనుంచి కిందికి జారే గాంధారం మెట్లు దిగినట్టు వినిపించింది. డబ్బు తిరిగి రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ స్వరాన్ని దగ్గరి స్థానానికి లాగేస్తుంది, జారుడును తప్పుగా లెక్కేస్తుంది. మీరూ బయట ఇచ్చేట్టయితే "గొంతు సరిచేయొద్దు" అని రాసి ఇవ్వండి. పాట చిన్నగా వినిపిస్తోందని నొక్కి నొక్కి పెద్దది చేయించకండి కూడా. పాటలు వినిపించే యాప్ స్పాటిఫై ఎలాగూ మామూలుగా అన్నిటి మోతనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే మోతకు కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది.

ఇక డబ్బు సంగతి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు పన్నెండు నెలల్లో 1,000 స్ట్రీమ్స్ (వినడాలు) దాటితేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది. నా ఏడింటిలో రెండే దాటాయి. వచ్చింది గిటారు తీగలకు సరిపోయింది.

కొత్త పాట ఇంకా మొదలుపెట్టకండి. ముందు మీ ఆరింటి టెంపోలు, శ్రుతులు, రాగాలు ఒక కాగితం మీద వరసగా రాయండి. టెంపోలన్నీ 60కీ 70కీ మధ్యే ఉంటే, మీకు బాగా ఇష్టమైన పాటనే తీసుకుని 90 దగ్గర ఒకసారి పాడి చూడండి.