ఆదివారం స్టార్ట్ చేసే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా,

విల్లీస్ జీపు కొన్నావట, ఇంజన్ మొత్తం విప్పి, బోర్ చేయించి, నీ చేత్తోనే మళ్ళీ బిగించావట. ఆదివారం స్టార్ట్ చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే స్టార్టర్ మీద కాలు పెట్టు.

ముందు అది ఏ బండో తేల్చుకున్నావా? డాష్‌బోర్డు మీద ప్లేటు చూసి నమ్మకు, ప్లేటు ఎవరైనా బిగిస్తారు. గ్రిల్‌లో సందులు లెక్కపెట్టు. తొమ్మిదుంటే రెండో ప్రపంచ యుద్ధకాలం నాటిది, ఏడుంటే 1945 నుంచి మామూలు జనానికి అమ్మిన సీజే. రేడియేటర్ కింద ఫ్రేమ్‌కి అడ్డంగా ఉండే కమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్ ఎంబీ, తిరగేసిన యూ ఆకారంలో ఉంటే అదే జీపు ఫోర్డ్ వాళ్ళు చేసింది, జీపీడబ్ల్యూ అంటారు. ఫోర్డ్ వాళ్ళు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టేవారు.

ఇంజన్ సంగతి వేరు. ఆర్మీ వర్క్‌షాపుల్లోనే ఒక బండి ఇంజన్ ఇంకో బండికి ఎక్కించేవారు. కాబట్టి బాడీని బట్టి ఇంజన్‌కి సామాన్లు కొనకు. టైమింగ్ కవర్ విప్పినప్పుడు లోపల చైన్ ఉందా, గేర్లున్నాయా? యుద్ధకాలం ఇంజన్‌కి చైన్, యుద్ధం అయ్యాక కొన్నాళ్ళకి గేర్లు వచ్చాయి. చైన్ అయితే వాల్వుల్ని ఆడించే కామ్‌షాఫ్ట్, క్రాంక్ తిరిగిన వైపే తిరుగుతుంది, గేర్లయితే ఎదురు తిరుగుతుంది. ఆయిల్ పంపుని తిప్పేది ఆ కామ్‌షాఫ్టే, అందుకే రెండింటికీ పంపులు వేరు.

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ప్లేటు మీద సంవత్సరం చూసి చైన్ ఇంజన్ పంపు తెప్పించాను. తీరా చూస్తే నా ఇంజన్‌లో గేర్లు. సరైన పంపు రావడానికి ఇంకో నెల పడుతుందన్నారు. ఆ నెల ఆగలేకపోయాను. పాత పంపునే తుడిచి, పొడిగానే బిగించేశాను, అందులో చుక్క ఆయిల్ పోయలేదు. ఇంజన్ అంటుకుంది, ఎంత మెత్తగా నడిచిందనుకున్నావు! ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు మాత్రం సున్నా మీదే ఉంది. గేజ్ పాతది కదా, కాసేపటికి లేస్తుందిలే అనుకున్నాను. రెండు మూడు నిమిషాలయ్యేసరికి కింద నుంచి టక్ టక్‌మని మొదలైంది, ఆపేలోపే బేరింగులు పోయాయి, క్రాంక్ మీద గీతలు పడ్డాయి. ఆ ఇంజన్‌కి డబ్బు మీ తాతయ్య ఇచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు. లైటు తెచ్చి, నేను మళ్ళీ విప్పుతున్నంతసేపూ పట్టుకుని నిలబడ్డారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి విను. పంపు బ్లాక్ పక్కన బయటే ఉంటుంది, దాని నిండా ఆయిల్ పోసి బిగించు. నాలుగు ప్లగ్గులూ తీసేసి, గేజ్ ముల్లు లేచేదాకా ఇంజన్‌ని స్టార్టర్‌తో ఊరికే తిప్పు. లేవకపోతే ప్లగ్గులు పెట్టకు, ఎన్ని రోజులైనా పరవాలేదు. అన్నట్టు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది కూడా ఈ పంపు షాఫ్టే, ఒక్క పన్ను అటూ ఇటూ అయినా టైమింగ్ పోతుంది. ప్లగ్గు వైర్లు 1-3-4-2 వరుసలో పెట్టు. ఆరు వోల్టుల బండి అయితే బ్యాటరీకి లావు కేబుల్ వెయ్యి, సన్నదైతే స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది. హెడ్ బోల్టులు మధ్యనుంచి బయటికి బిగించు. మొదటి ఆయిల్ తొందరగా మార్చెయ్.

ఇంకొకటి, నా అసలు భయం ఇదే. ఇంజన్ కొత్తది, బ్రేకులు మాత్రం పాతవి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి ఒక్కటే సర్క్యూట్, ఎక్కడ ఒక పైపు కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు అన్నీ మార్చేదాకా రోడ్డెక్కకు, పల్లంలోకి అసలే తియ్యకు. మీ అమ్మకి ఈ సంగతి చెప్పలేదు, టెన్షన్ పడుతుందని. నువ్వు నాకు మాటివ్వాలి.

ఆదివారం వీడియో కాల్ చెయ్. కెమెరా ఇంజన్ వైపు కాదు, ఆయిల్ గేజ్ వైపు పెట్టు.

మామయ్య